దారి తప్పుతున్న కుర్రాళ్లకు కళాశాల క్రీడా జట్టు తోడు: ఎలా మొదలుపెట్టాలి, ఎంతకాలం నిలబడాలి

నెల్లూరు దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో కొత్తగా ఫిజికల్ డైరెక్టరుగా చేరానని, కళాశాల ప్రహరీ అవతలి కాలనీల్లో బడి మానేసి తిరిగే కుర్రాళ్లు, రొయ్యల చెరువుల మీద కూలికి పోయే కుర్రాళ్లు చాలామంది ఉన్నారని, వాళ్లలో ఇద్దరి మీద అప్పుడే పోలీసు కేసు నమోదైందని మీరు రాశారు. మీ కబడ్డీ, అథ్లెటిక్స్ జట్ల విద్యార్థులనూ జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) వాలంటీర్లనూ వాళ్లకు తోడుగా పెట్టాలన్నది మీ ఆలోచన. ప్రిన్సిపాల్ గారు మాత్రం వేసవిలో పదిహేను రోజుల శిబిరం పెట్టి, పెద్దల్ని పిలిచి ముగింపు సభ జరిపి, సర్టిఫికెట్లు ఇచ్చేద్దామంటున్నారు. ఆటతో ఈ కుర్రాళ్లు నిజంగా దారిలో పడతారా, శిబిరం చాలునా, కేసున్న ఇద్దరిని చేర్చుకోవచ్చా అన్నవి మీ మూడు ప్రశ్నలు. నాయకత్వ శిక్షణకు పాఠ్యాంశాలు కూడా అడిగారు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల కళాశాలల్లో వ్యాయామ విద్య చెప్పి, ఎన్‌ఎస్‌ఎస్ ప్రోగ్రాం అధికారిగా కూడా పనిచేసి విరమించినవాడిగా నాకు తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ఆట కుర్రాళ్లను మైదానానికి రప్పిస్తుంది. అంతకు మించిన శక్తి దానికి ఉందని నేను నమ్మను. కబడ్డీ బాగా ఆడే కుర్రాడు సంక్రాంతి పోటీల్లో గెలిచి, ఆ రాత్రే పందేల డబ్బుతో తాగి గొడవపడడం మన పల్లెల్లో అందరూ చూసినదే. నడతను మార్చేది వేరే ఉంది. తనకంటే నాలుగైదేళ్లు పెద్దవాడైన ఒక మనిషి, తన పేరు తెలిసినవాడు, తాను రాకపోతే ఇంటికి వచ్చి అడిగేవాడు, ఏడాదికి తక్కువ కాకుండా అదే వేళకు అదే చోటికి వస్తూ ఉండడమే ఆ కుర్రాడిని మారుస్తుంది. ఆ ఏర్పాటు చేయగలిగితే మొదలుపెట్టండి. చేయలేకపోతే పదిహేను రోజుల శిబిరం కూడా వద్దు. కొంచెమైనా మేలేకదా అన్న మాట ఇక్కడ చెల్లదని గట్టిగా ఎందుకు అంటున్నానో చెబుతాను.

అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ అనే పాత సంస్థ ఒకటి, పెద్దవాళ్లను ఒక్కొక్కరిని ఒక్కో పిల్లవాడికి తోడుగా ఏర్పాటు చేస్తుంది. ఆ సంస్థకు వచ్చిన 10 నుంచి 16 ఏళ్ల పిల్లలను రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి వెంటనే తోడునిచ్చి, రెండో వర్గాన్ని వేచి ఉండమని చెప్పి, ఏడాదిన్నర పాటు గమనించిన అధ్యయనం 1995లో వెలువడింది. తోడు దొరికిన పిల్లల్లో మత్తు పదార్థాలు కొత్తగా మొదలుపెట్టే అవకాశం 46 శాతం, మద్యం మొదలుపెట్టే అవకాశం 27 శాతం తక్కువగా కనిపించింది. అందరూ ఈ అంకెలనే చెప్పుకుంటారు. అదే సమాచారాన్ని 2002లో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ మళ్లీ పరిశీలించినప్పుడు బయటపడిన విషయం మనకు ఇంకా ముఖ్యమైనది. ఏడాదీ అంతకు మించీ నిలిచిన తోడు వల్ల ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలలలోపే తెగిపోయిన చోట పిల్లలకు తమ మీద తమకున్న విలువ మునుపటికంటే పడిపోయింది. తండ్రి ఎక్కడికో వెళ్లిపోయినవాడికి, బడిలో టీచరు వదిలేసినవాడికి, మనం కూడా రెండు వారాలు ముద్దు చేసి వదిలేస్తే, నన్నెవరూ ఉంచుకోరన్న నమ్మకం మరింత గట్టిపడుతుంది. మీ ప్రిన్సిపాల్ గారికి శిబిరం వద్దని చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు.

రెండో హెచ్చరిక కూడా అక్కడి నుంచే ఉంది. మసాచుసెట్స్ రాష్ట్రంలో 1939లో 506 మంది అబ్బాయిలను తీసుకొని, సగం మందికి సలహాదారులనూ చదువు సాయాన్నీ వేసవి శిబిరాలనూ 1945 వరకు అందించారు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వాళ్లందరినీ వెతికి పట్టుకొని 1978లో ప్రకటించిన ఫలితం చాలామందిని కలవరపెట్టింది: సాయం అందినవాళ్ల బతుకులు అందనివాళ్ల కంటే బాగుపడలేదు సరికదా, కొన్ని విషయాల్లో ఇంకా అధ్వానంగా ఉన్నాయి. తర్వాత మరికొందరితో కలిసి ఆమె 1999లో చేసిన పరిశీలనలో, ఒకటికి రెండుసార్లు వేసవి శిబిరాలకు పంపినవాళ్ల విషయంలోనే ఈ నష్టం ప్రధానంగా కనిపించింది. అల్లరి చేసేవాళ్లనే ఏరి ఒకచోట చేరిస్తే వాళ్లు ఒకరి అల్లరిని ఒకరు మెచ్చుకుంటూ పెంచుకుంటారన్నది వాళ్ల వివరణ. హాస్టళ్లలో పనిచేసిన ఏ వార్డెనుకైనా ఇది తెలిసిన సంగతే.

కాబట్టి మీ జట్టును కట్టేటప్పుడు, కాలనీలో గొడవలు చేసేవాళ్ల జాబితా తయారు చేసి వాళ్లను మాత్రమే పిలవవద్దు. పదిహేను మందిని తీసుకుంటే అందులో నలుగురైదుగురికి మించి అలాంటివాళ్లు ఉండకూడదు. మిగిలినవాళ్లు దగ్గరి జిల్లా పరిషత్ హైస్కూలులో రోజూ బడికి పోతున్న మామూలు పిల్లలు కావాలి. ఎవరు ఏ కారణంగా వచ్చారో మీకు, వాళ్లకు తోడుగా ఉండే విద్యార్థికి, అంటే మార్గదర్శికి తప్ప ఇంకెవరికీ తెలియనవసరం లేదు. బ్యానరు వేస్తే "సాయంకాలపు కబడ్డీ" అని వేయండి. సంస్కరణ, పునరావాసం లాంటి మాటలు బ్యానరు మీదికి ఎక్కాయంటే, కొడుకును మైదానానికి పంపే తల్లి వీధిలో తలెత్తుకోలేదు, రెండో రోజు నుంచి పంపదు.

ఏడాది కాదు, ఒక మనిషి ఒక పిల్లవాడి వెంట ఏళ్ల తరబడి నిలిస్తే ఏమవుతుందో తెలుసుకోవడానికి మనం అమెరికా దాకా పోనక్కర్లేదు. ఒంగోలులోని విశ్వవిద్యాలయానికి ఎవరి బిరుదు పేరుగా పెట్టారో ఆ టంగుటూరి ప్రకాశం పంతులు గారి బాల్యమే అందుకు సాక్ష్యం. 1872లో పుట్టిన ఆయన పదకొండేళ్లకే తండ్రిని పోగొట్టుకున్నారు; తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించింది. నాటకాల పిచ్చి, ఆకతాయి స్నేహాలు పుష్కలంగా ఉన్న ఆ కుర్రాడిని ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు చేరదీశారు. తాను రాజమండ్రికి మారినప్పుడు అతన్ని కూడా వెంట తీసుకువెళ్లి చదివించి, తర్వాత న్యాయవిద్యకు మద్రాసు పంపడంలోనూ తోడ్పడ్డారు. ఊరు మారినా పిల్లవాడిని వదలకపోవడం ఆయన చేసిన అన్నింటిలోకీ పెద్ద పని. 1928లో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో తుపాకులకు ఎదురుగా రొమ్ము విప్పి నిలిచిన ప్రకాశం, 1953లో ఆంధ్ర రాష్ట్రపు తొలి ముఖ్యమంత్రి అయిన ప్రకాశం, ఆ నాయుడు గారు లేకపోతే ఒంగోలు వీధుల్లోనే మిగిలిపోయేవారేమో.

ఇక ఆచరణకు వస్తాను. మీకు మొదట అడ్డు తగిలేది డబ్బు కాదు, విశ్వవిద్యాలయపు క్యాలెండరు. సెమిస్టరు పరీక్షలు, దసరా, సంక్రాంతి సెలవులు, అంతర్ కళాశాలల పోటీలు, ఆపైన జోనల్ పోటీలకు ప్రయాణాలు అన్నీ కలిపితే ఏడాదిలో మీ విద్యార్థులు మైదానంలో ఉండని వారాలు చాలా తేలతాయి. మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. మైదానం బురదగా ఉంటుంది. జూలైలో కాగితం మీద గీసుకున్న పథకం నవంబరులో తెలియకుండానే ఆగిపోవడానికి ఇవే కారణాలు. కాబట్టి మొదటి పనిగా ఏడాది క్యాలెండరు ముందు పెట్టుకొని, మీ విద్యార్థులు ఉండని ప్రతి వారానికీ ఎవరు వస్తారో పేరు రాయండి. పరీక్షలు లేని సెమిస్టరువాళ్లు, పీజీ విద్యార్థులు, ఊళ్లోనే ఉండే పూర్వ విద్యార్థులు, చివరికి మీరు. వాన కురిసే రోజుల్లో వరండాలో క్యారమ్స్, చదరంగం, ఒక గంట చదువు. వారానికి ఆరు రోజులు జరుపుతామని మొదలుపెట్టి మూడు రోజులకు తగ్గడం కంటే, మొదటినుంచీ మూడే రోజులు పెట్టి ఏడాదంతా ఒక్కటీ తప్పకుండా జరపడం ఎంతో మేలు.

విద్యార్థుల సమయం గురించి కూడా ఒక దారి ఉంది. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీరు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అదనం. మన రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది తర్వాత 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టు కూడా చేయాలి. ఈ గంటలన్నీ చాలా చోట్ల ఒక సర్వే పత్రం నింపడంతో, వీధి ఊడ్చి ఫోటో దిగడంతో అయిపోతున్నాయి. మీ పక్క కాలనీనే దత్తత ప్రాంతంగా చూపించి, ఈ గంటలను ఈ కుర్రాళ్ల కోసం వాడుకోవడానికి ప్రోగ్రాం అధికారితో మాట్లాడి ముందే రాతపూర్వకంగా ఒప్పించండి. విద్యార్థికి తాను చేసే పని లెక్కలోకి వస్తుందన్న ధైర్యం ఉంటుంది, మీకు అతను ఆగుతాడన్న భరోసా ఉంటుంది.

మార్గదర్శులను ఎంచుకునేటప్పుడు పతకాలు చూడవద్దు. యూనివర్సిటీ జట్టుకు ఆడే స్టార్ రైడరు చాలాసార్లు ఈ పనికి పనికిరాడు. అతనికి తన ఆట, తన ప్రయాణాలు ఉంటాయి. ప్రాక్టీసుకు ఎప్పుడూ అయిదు నిమిషాలు ముందే వచ్చేవాడిని, రిజర్వు బెంచీ మీద కూర్చున్నా ముఖం మాడ్చుకోనివాడిని చూడండి. మొదటి ఏడాది రెండో సెమిస్టరులో ఎంచుకుంటే ఇంకా రెండేళ్లు చేతిలో ఉంటాయి. ఆరుగురు కుర్రాళ్లకు ఇద్దరు మార్గదర్శులు చాలు. ఒకరికి జ్వరం వచ్చినా రెండోవారు ఉంటారు. వాళ్లకు నియమాలు మొదటి రోజే చెప్పాలి. కొట్టకూడదు, గుంజీళ్లు తీయించకూడదు, బూతు మాట అనకూడదు. మన వృత్తిలో ఈ అలవాటు ఎంత పాతదో నాకు తెలుసు. ఇంట్లో దెబ్బలు తిని వచ్చినవాడికి ఇక్కడా దెబ్బలే అయితే మైదానానికీ ఇంటికీ తేడా కనిపించదు. డబ్బు అప్పు ఇవ్వకూడదు. కుర్రాడితో గదిలో ఒంటరిగా ఉండకూడదు. కుర్రాడు తనకు హాని జరుగుతోందని చెబితే దాన్ని రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు, మీకు చెప్పాలి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసిన ప్రతివారి బాధ్యత. పిల్లల సహాయవాణి 1098 నంబరు ప్రతి మార్గదర్శి ఫోనులోనూ ఉండాలి.

కుర్రాడు రెండు రోజులు రాకపోతే మూడో రోజు సాయంత్రం ఇంటికి వెళ్లాలి. వెళ్లి "ఎందుకు రాలేదు?" అని మొదలుపెట్టకూడదు. మన ప్రాంతంలో గైరుహాజరుకు కారణం సోమరితనం కాదు, చాలావరకు పని. రొయ్యల పట్టుబడి రాత్రివేళ ఉంటుంది. చెరువు దగ్గర తెల్లారేదాకా వలలు లాగి, ఐసు పెట్టెలు మోసి వచ్చిన పదహారేళ్లవాడు మరునాడు పగలంతా నిద్రపోతాడు. ప్రకాశం వైపు పొగాకును ఆరబెట్టే బ్యారన్లు కాలే రోజుల్లో కుటుంబం మొత్తం అక్కడే ఉంటుంది. చీమకుర్తి దగ్గర గ్రానైటు పాలిషింగు యూనిట్లలో షిఫ్టులు మారుతుంటాయి. ఈ పనుల కాలం తెలుసుకొని, ఆ వారాల్లో రాకపోయినా జట్టులో చోటు పోదని ముందే చెప్పండి. పద్నాలుగేళ్లలోపు పిల్లవాడు కూలి పనిలో ఉన్నా, పద్నాలుగు దాటి పద్దెనిమిది నిండనివాడు గనిలోనో ప్రమాదకరమైన పనిలోనో ఉన్నా అది చట్టవిరుద్ధం కాబట్టి, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి తెలపాల్సిన బాధ్యత మీది, మార్గదర్శిగా ఉన్న విద్యార్థిది కాదు.

నాయకత్వ శిక్షణ గురించి మీరు పాఠ్యాంశాలు అడిగారు. ప్రొజెక్టరు వేసి చెప్పే పాఠాలు ఈ వయసుకు ఎక్కవు. కుర్రాడి చేతికి నిజమైన పని ఇవ్వాలి, అది చెడితే ఆట ఆగిపోయేంత నిజమైన పని. మా మైదానంలో చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరు, పేరు చెప్పను. ఎనిమిదో తరగతిలో బడి మానేసి బేల్దారి మేస్త్రీ దగ్గర చేరిన ఒక కుర్రాడు సాయంకాలాలు ఆటకు వచ్చేవాడు, మాట్లాడేవాడు కాదు, చిన్నమాటకే చేయి చేసుకునేవాడు. ఒకరోజు మా విద్యార్థులు కబడ్డీ కోర్టు గీస్తున్నారు. పురుషుల కోర్టు పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. మధ్య గీత నుంచి బాక్ లైను 3.75 మీటర్లు, అక్కడి నుంచి మీటరు దూరంలో బోనస్ లైను. టేపుతో అన్నీ కొలిచి సున్నం పోశారు కానీ కోర్టు ఒక పక్కకు ఒరిగింది. ఈ అబ్బాయి కాసేపు చూసి, "అన్నా, ఆ మూల కుదరలా" అన్నాడు. పురికొస తీసుకొని, మూల దగ్గర మేకు దిగ్గొట్టి, ఒకవైపు మూడు మీటర్లకు, రెండోవైపు నాలుగు మీటర్లకు గుర్తు పెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య సరిగ్గా అయిదు మీటర్లు వచ్చేదాకా దారం జరిపాడు. తర్వాత నాలుగు మూలలూ అలాగే చూశాడు. మా బీఎస్సీ గణితం విద్యార్థి అతని పక్కన కూర్చొని, నువ్వు చేసింది పదో తరగతి పుస్తకంలో ఉన్న పైథాగరస్ సిద్ధాంతమే, ఎదురెదురు మూలల మధ్య దూరం 16.4 మీటర్లు రావాలి, కొలిచి చూడు అన్నాడు. కొలిస్తే వచ్చింది. మరునాటి నుంచి కోర్టు గీసే పని, సున్నం డబ్బా, టేపు, సామాను గది తాళం అతనివే. ఆ తాళంచెవి మొలతాడుకు కట్టుకొని తిరిగేవాడు. కోర్టు గీయడం నేర్పమని అడిగిన చిన్నపిల్లల మీద అతను చేయి ఎత్తలేదు. కోపం ఒక్కసారిగా పోలేదు, నెలలు పట్టింది. కానీ ఏ గొడవ వచ్చినా తాళంచెవి మాత్రం వెనక్కి తీసుకోలేదు మేము. శిక్షగా బాధ్యతను ఊడబెరకడం ఈ పనిలో అన్నిటికంటే చెడ్డ అలవాటు.

అలాగే ఎక్కువ తగువులాడేవాడికి ఈల ఇచ్చి చిన్నపిల్లల ఆటకు అంపైరుగా పెట్టండి. నోటుపుస్తకం పట్టుకోగలిగినవాడికి స్కోరు, హాజరు అప్పగించండి. ప్రథమ చికిత్స పెట్టె ఒకరికి. నెలకోసారి పనులు మార్చండి. ఆట ముగిశాక ఉడికించిన శనగలో, వేరుశనగ చిక్కీయో, వీలైతే కోడిగుడ్డో తప్పకుండా పెట్టండి. మధ్యాహ్నం సరిగా తినకుండా పరుగెత్తేవాళ్లు మీ అంచనాకు మించి ఉంటారు.

ఆటలో కుదురుకున్న రెండు మూడు నెలల తర్వాత చదువు మాట ఎత్తండి, అంతకుముందు వద్దు. మన కుర్రాళ్లలో చాలామంది సైన్యంలో చేరాలన్న ఆశతోనే పరుగుకు వస్తారు. అగ్నివీర్ జనరల్ డ్యూటీకి పదో తరగతి 45 శాతం మార్కులతో ప్యాసై ఉండాలని, వయసుకు కూడా పరిమితి ఉందని తెలిస్తే చదువు గురించి వాళ్లే అడుగుతారు. మీ కళాశాల జట్టుకు ఆడాలన్నా అంతే. భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే పోటీల్లో ఆడేవాడు నిజంగా అక్కడ చదువుతున్న విద్యార్థి అయి ఉండాలి. ఎంత బాగా రైడు చేసినా బయటి కుర్రాడిని ఆడించలేరు, ఆ ఆశ పెట్టకూడదు కూడా. దారి ఏమిటంటే, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే మనం ఓపెన్ స్కూల్ అని పిలిచేది. పద్నాలుగేళ్లు నిండినవాడు పదో తరగతికి చేరవచ్చు. అయిదేళ్లలోపు ఒక్కో సబ్జెక్టూ రాసుకుంటూ పూర్తి చేయవచ్చు. మేస్త్రీ పనికి పోతూ చదివేవాడికి ఇది సరిపోతుంది. అక్కడ ఆటంకమయ్యేవి పాఠాల కంటే కాగితాలే. యానాది కాలనీల్లో జనన ధ్రువపత్రం, ఆధార్, కుల ధ్రువపత్రం లేని కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక మార్గదర్శి కుర్రాడితో కలిసి వార్డు సచివాలయానికి, అవసరమైతే నెల్లూరులోని యానాదుల సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయానికి వెళ్లి ఆ కాగితాలు సాధించడం, పది నాయకత్వ ఉపన్యాసాలకంటే విలువైన పని. కార్యాలయంలో ఎలా మాట్లాడాలో, అర్జీ ఎలా రాయాలో, మళ్లీ రమ్మంటే ఏ తేదీన అని ఎలా అడగాలో కుర్రాడు పక్కన నిలబడి నేర్చుకుంటాడు.

మీరు అమ్మాయిల గురించి అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. కాలనీలో అమ్మాయికి ఎదురయ్యే పెద్ద ప్రమాదం చదువు ఆపి తొందరపడి పెళ్లి చేయడం. ఖోఖో జట్టు ఒకటి కట్టండి. మార్గదర్శులు అమ్మాయిలే కావాలి, ఆట పొద్దువాలకముందే ముగియాలి, ఇంటిదాకా గుంపుగా వెళ్లాలి, మొదటి వారంలోనే తల్లులను మైదానానికి పిలిచి కూర్చోబెట్టాలి. పెళ్లి మాట వినిపిస్తే మీ మహిళా అధ్యాపకులు ఇంటికి వెళ్లి మాట్లాడాలి. వినకపోతే 1098 ఉంది.

కేసున్న ఇద్దరినీ చేర్చుకోండి. నేరం జరిగిన నాటికి వాళ్లు పద్దెనిమిదేళ్లలోపు వాళ్లయితే 2015 నాటి బాల న్యాయ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ఉద్దేశమే పిల్లవాడికి కొత్త జీవితం ఇవ్వడం. బాల న్యాయ మండలి విచారించి ముగించిన కేసు వల్ల చదువుకో ఉద్యోగానికో అనర్హత రాకుండా కాపాడే నిబంధన అందులో ఉంది. బృంద కౌన్సెలింగు, సమాజ సేవ, సత్ప్రవర్తన మీద విడుదల లాంటి ఉత్తర్వులు మండలి ఇవ్వగలదు కాబట్టి, మీ కార్యక్రమం గురించి ప్రొబేషన్ అధికారికి ఒక లేఖ ఇస్తే అది కుర్రాడికి ఉపయోగపడవచ్చు. ఆ పిల్లల పేరు, ఫోటో, గుర్తుపట్టే వివరాలు ప్రచురించడం మాత్రం అదే చట్టం 74వ సెక్షను కింద నేరం. వాట్సాప్ స్టేటస్, కళాశాల పేజీ, పత్రిక విలేఖరి ఎవరైనా సరే, ఫోటోలు వద్దు. వయసు దాటినవాడైతే మామూలు కోర్టులో కేసు నడుస్తుంది. అతనికి ఎక్కువగా నష్టం చేసేది అసలు నేరం కంటే వాయిదాకు పోకపోవడం, దాంతో వారంటు రావడం. వాయిదా తేదీలు మీ పుస్తకంలో రాసుకోండి, ఆ రోజు ఒకరు వెంట వెళ్లండి. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

గంజాయి విషయం ఎప్పుడో ఒకప్పుడు మీ ముందుకు వస్తుంది. జేబులు వెతకవద్దు, అందరిముందూ అడగవద్దు, జట్టు నుంచి తీసేయవద్దు. అలవాటు పడినవాడు తనంతట తాను చికిత్సకు ముందుకొస్తే, కొద్ది పరిమాణానికి సంబంధించిన కేసులో విచారణ నుంచి రక్షణ ఇచ్చే 64ఎ సెక్షను 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలో ఉంది. మత్తు అలవాటు మాన్పించే సహాయవాణి 14446కు ఫోను చేసి సలహా అడగవచ్చు; నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లవచ్చు. నిద్ర పట్టక, దిగులుతో, చచ్చిపోతాననే మాటలు మాట్లాడేవాడి కోసం టెలీమానస్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది. అమ్మేవాడి సంగతి వేరు. కుర్రాళ్ల చేత సరుకు మోయించేవాడు మైదానం చుట్టూ తిరుగుతుంటే దాన్ని మీరే పోలీసు అధికారులకు చెప్పాలి, మీ విద్యార్థులను ఆ పనిలోకి దించకూడదు.

ఫలితాలను దేనితో కొలవాలంటే, కప్పులతో కాదు. ఎంతమంది ఆరో నెలలో కూడా వస్తున్నారు, ఎంతమంది ఓపెన్ స్కూల్లో చేరారు, ఎంతమంది వాయిదాలు తప్పలేదు, ఎంతమంది మార్గదర్శులు ఏడాది నిలిచారు అన్న నాలుగు లెక్కలు చాలు. మీ ప్రిన్సిపాల్ గారికి నెలకొకసారి ఒక పేజీ ఇవ్వండి. నివేదికలకు, కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థకు కూడా అది పనికొస్తుంది కాబట్టి ఆయన కాదనరు.

చివరిగా, మార్గదర్శి వెళ్లిపోయే రోజు గురించి మొదటి రోజే ఆలోచించాలి. డిగ్రీ విద్యార్థి ఇంటర్న్‌షిప్ సెమిస్టరుకు హైదరాబాదుకో బెంగుళూరుకో పోతాడు, తర్వాత తిరిగి రాకపోవచ్చు. ఆ సంగతి కుర్రాడికి కనీసం రెండు నెలల ముందు, తేదీతో సహా, మార్గదర్శి నోటితోనే తెలియాలి. ఆ రెండు నెలలూ కొత్త మార్గదర్శి పాతవాడి పక్కనే మైదానంలో ఉండాలి, ఇంటికి వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్లాలి. కుర్రాడికి ఏమి ఇష్టం, ఇంట్లో ఎవరితో మాట్లాడాలి, ఓపెన్ స్కూలు ఫీజు ఏ నెలలో కట్టాలి, తర్వాతి వాయిదా ఎప్పుడు అన్న వివరాలు పాతవాడు ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. అది రాసేటప్పుడు కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకొని, ఏది రాయాలో ఏది వద్దో అతన్నే అడగాలి. వెళ్లినవాడు మొదటి మూడు నెలలు ఆదివారం ఒక ఫోను చేయాలి. ఈ బాధ్యతకు ఒప్పుకున్న విద్యార్థులు ఇప్పుడు మీ దగ్గర నలుగురే ఉంటే, పన్నెండు మంది కుర్రాళ్లతోనే మొదలుపెట్టండి; పదమూడోవాడు వచ్చి అడిగినా, అయిదో మార్గదర్శి దొరికేదాకా ఆటకు రానివ్వండి కానీ జాబితాలో చేర్చవద్దు.